భూమి పోగొట్టుకునేవారికి పది చిట్కాలు

ఉత్తరాంధ్రలో రెండెకరాల గరువు ఉన్నా, ఇంటి వెనక పది కొబ్బరి చెట్లే ఉన్నా, ఎప్పుడో ఒకప్పుడు అభివృద్ధి మన గుమ్మం ఎక్కక తప్పదు. భోగాపురానికి విమానాశ్రయమై వచ్చింది. రణస్థలం మండలం కొవ్వాడకి అణు విద్యుత్ కేంద్రమై వస్తానంటోంది. మూలపేటలో ఓడరేవు, కాకరాపల్లిలో థర్మల్ కేంద్రం, హిరమండలంలో జలాశయం, ఎస్.కోట దగ్గర బొడ్డవరలో అల్యూమినా కర్మాగారం. పేరు ఏదైనా మొదట దిగేది సర్వేయరే.

అలా వచ్చినప్పుడు ఎలా మసలుకోవాలో తెలియక మనవాళ్ళు చాలామంది కాగితాలు, కోర్టులు, ధర్నాలు అంటూ ఒళ్ళు హూనం చేసుకున్నారు. ఆ శ్రమ తప్పించడానికే ఈ చిట్కాలు. వీటికి పైసా ఖర్చు లేదు. చాలావాటికి మీరు కొత్తగా చేయాల్సిందీ ఏమీ లేదు, ఇప్పుడు చేస్తున్నదే చేస్తూ పోతే చాలు. రెండు మూడు పాటించినా ఫలితం కనిపిస్తుంది. పదీ పాటిస్తే పొలం, ఇల్లు, వల్లకాడు మూడూ ఒక్క దెబ్బతో వదిలిపోతాయి.

1. పట్టా ముత్తాత పేరు మీదే ఉండనివ్వండి

మన జిల్లాల్లో చాలా ఊళ్ళు జమీందారీ ఎస్టేట్లవి. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాక సెటిల్‌మెంటువాళ్ళు వచ్చి ఫెయిర్ అడంగల్ రాశారు. అందులో మీ ముత్తాత పేరు పడింది. ఆయన కాలం చేశారు. ముగ్గురు కొడుకులూ పెద్దమనుషుల ఎదట నోటిమాటతో పంచుకున్నారు. నడిపాయన తన వాటా కూతురి పెళ్ళికి తెల్లకాగితం మీద అమ్మేశాడు. కొన్నవాడు ముప్పై ఏళ్ళుగా దున్నుకుంటున్నాడు. ఊరందరికీ తెలిసిన సంగతి. మళ్ళీ మ్యుటేషన్ అంటూ మీసేవ చుట్టూ తిరగడం ఎందుకు?

ఈ చిట్కా ఫలితం పరిహారం పంచే రోజున తెలుస్తుంది. హక్కుదారు ఎవరో తేలకపోతే కలెక్టరు సొమ్ము మీ చేతిలో పెట్టడు, భూసేకరణ వివాదాలు చూసే అథారిటీ దగ్గర జమ చేస్తాడు. భూమి మాత్రం ఆగదు, వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ముగ్గురు అన్నదమ్ముల పిల్లలూ, తెల్లకాగితం మీద కొన్నవాడి పిల్లలూ వాయిదాలకి కలుసుకుంటూ ఉండొచ్చు. పండక్కి కూడా రాని చుట్టాలు వాయిదాకి వస్తారు.

రాజాం, వంగర, రేగిడి, సంతకవిటి మండలాలవారికి ఇంకో వెసులుబాటు. 2022 ఏప్రిల్‌లో మీరు శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాకి మారారు. పాత నకళ్ళ కోసం ఇప్పుడే అడగకండి. నోటీసు వచ్చాక ఏ ఫైలు ఏ జిల్లాలో ఉందో వెతుక్కోవడంలో ఒక కాలక్షేపం ఉంది.

2. కొన్నప్పుడు దస్తావేజులో తక్కువ రాయించండి

ఎకరం పాతిక లక్షలకి కొని, దస్తావేజులో ఆరు లక్షలు రాయించడం మనకి వెన్నతో పెట్టిన విద్య. స్టాంపు డ్యూటీ మిగులుతుంది, అమ్మినవాడికి పన్ను మిగులుతుంది, అందరూ నవ్వుతూ టీ తాగి ఇళ్ళకి పోతారు.

2013 భూసేకరణ చట్టం ఈ ఆదాకి విలువ కట్టే పద్ధతి తెలుసుకుంటే ఇంకా ముచ్చటేస్తుంది. చుట్టుపక్కల మూడేళ్ళలో జరిగిన అమ్మకాల దస్తావేజులు తీసి, వాటిలో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు కడతారు. ఆ సగటునీ, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు మార్కెట్ విలువనీ పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువైతే అది తీసుకుంటారు. పల్లెల్లో దాన్ని ఒకటి నుంచి రెండు మధ్య ఉండే గుణకంతో హెచ్చిస్తారు. దాని మీద నూటికి నూరు సొలేషియం. అంటే ఊరంతా కలిసి ఆ సగటులోంచి దాచిన ప్రతి రూపాయికీ కనీసం రెండు రూపాయలు పోతాయి. తీరా అవార్డు వచ్చాక "మా భూమి పాతిక లక్షలు బావూ" అని గగ్గోలు పెడితే, అధికారి మీ సంతకం ఉన్న కాగితమే మీకు చూపిస్తాడు.

3. ప్రకటన పేపరులో బజ్జీలు తినండి

సెక్షన్ 11 కింద తొలి ప్రకటన రెండు దినపత్రికల్లో రావాలి, అందులో ఒకటి మన భాషలో ఉండాలి. పంచాయతీలోనూ, తహసీల్దారు, కలెక్టరు ఆఫీసుల్లోనూ అతికించాలి. చిన్న అక్షరాలు, పొడుగాటి పట్టిక, సర్వే నంబర్లు, సబ్‌డివిజన్లు. కళ్ళకి శ్రమ. ఆ పేజీ తెలకపిండి వడియాలు ఆరబెట్టుకోవడానికీ, సాయంత్రం బజ్జీల నూనె పీల్చడానికీ బాగుంటుంది.

ఆ రోజు నుంచి 60 రోజుల్లో అభ్యంతరం రాసి ఇవ్వొచ్చని సెక్షన్ 15 అంటుంది. ఇంత భూమి ఎందుకు, ఇక్కడే ఎందుకు, దీనివల్ల ప్రజలకి ఒరిగేదేమిటి అని అడగొచ్చట. కలెక్టరు మిమ్మల్ని పిలిచి స్వయంగా వినాలట. పెద్దాయన్ని ఇబ్బంది పెట్టడం మన ఇంటా వంటా లేదు. 61వ రోజున అందరూ కలిసి ఆటోలు కట్టించుకుని కలెక్టరేట్‌కి వెళ్ళండి. అప్పుడైతే ఎవరూ వినక్కర్లేదు, ఎవరికీ ఇబ్బంది ఉండదు.

4. ఎంత అడిగితే అంతా ఇచ్చేయండి

"ఇన్ని ఎకరాలు ఏం చేస్తారు?" అన్నది పెళ్ళిచూపుల్లో జీతం అడిగినంత మోటు ప్రశ్న. భోగాపురం చుట్టుపక్కల రైతులు ఈ మర్యాద పాటించలేదు. 2015లో మొదట వినిపించిన అంకె 15,000 ఎకరాలు. సరుగుడు, జీడి, కొబ్బరి తోటలవాళ్ళు రోడ్డెక్కారు, కోర్టుకెళ్ళారు. అంకె ఐదు వేలకి దిగింది, తర్వాత 2,700కి దిగింది. అందులోనూ 500 ఎకరాలు పక్కన పెట్టి చివరికి 2,203 ఎకరాల్లో విమానాశ్రయం పనులు సాగాయి. శంకుస్థాపనలు మాత్రం రెండు జరిగాయి: 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి, 2023 మేలో ఇంకో ముఖ్యమంత్రి. రైతులు నోరు మూసుకుని ఉంటే మిగిలిన పన్నెండు వేల ఎకరాలు కూడా ఈపాటికి చదునై ఉండేవి. ఎంత నష్టం!

మర్యాదస్తుల ఉదాహరణ కావాలంటే బొడ్డవర చూడండి. 2007 ప్రాంతంలో అక్కడ అల్యూమినా కర్మాగారం అన్నారు. మన్యం నుంచి బాక్సైట్ వస్తుందన్నారు, ఉద్యోగాలన్నారు. వెయ్యి ఎకరాల పైచిలుకు తీసుకున్నారు, అందులో ఎక్కువ భాగం పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూములు. బాక్సైట్ రాలేదు, కర్మాగారమూ రాలేదు. 2025లో అదే భూమిలో చిన్న పరిశ్రమల పార్కు పెడతామన్నారు. భూమి ఇచ్చినవాళ్ళు మా భూమి మాకిచ్చెయ్యండని ధర్నాకి దిగారు. పద్దెనిమిదేళ్ళు ఓపిక పట్టినవాళ్ళు ఇంకో పద్దెనిమిదేళ్ళు పట్టలేరా?

5. ఎక్కడ వేలు పెడితే అక్కడ సంతకం పెట్టండి

సభకి వెళ్ళగానే ఒక తెల్లకాగితం తిరుగుతుంది. పైన ఏమీ రాసి ఉండదు. పేరు, సంతకం, ఫోను నంబరు. అది హాజరుకా, సమ్మతికా అని అడగడం నలుగురిలో బాగుండదు. పైగా మీరు అడిగితే వెనకున్నవాళ్ళకీ అనుమానం వస్తుంది, భోజనాల వేళ దాటిపోతుంది. ప్రైవేటు కంపెనీకైతే నూటికి 80 మంది, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యానికైతే 70 మంది భూమి కోల్పోయే కుటుంబాలవాళ్ళు ఒప్పుకోవాలని చట్టంలో ఉంది. కాబట్టి మీ సంతకానికి చాలా గిరాకీ ఉంది. గిరాకీ ఉన్న సరుకు దాచుకోకూడదు.

చెక్కు రోజున కూడా అంతే. "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని సంతకం పక్కన ఒక్క ముక్క రాస్తే, పరిహారం చాలదని సెక్షన్ 64 కింద అథారిటీకి పంపమని అడిగే దారి తెరిచి ఉంటుంది. అవార్డు ఇచ్చేటప్పుడు ఎదురుగా ఉన్నవాళ్ళకి దానికి గడువు ఆరు వారాలు. ఆ ఒక్క ముక్క రాయకండి. చెక్కుతో ఫొటో దిగండి, నవ్వండి. ఆ ఫొటో రేపు ఎవరికి పనికొస్తుందో మీకెందుకు?

6. చెట్లు లెక్కపెట్టే రోజున సంతకి వెళ్ళండి

ఎంజాయ్‌మెంట్ సర్వే అని ఒకటి జరుగుతుంది. పొలంలో ఏముంది, ఎవరు అనుభవిస్తున్నారు అని రాసుకునే రోజు. చెట్లకి ఉద్యాన శాఖ, కలపకి అటవీ శాఖ, ఇళ్ళకీ బావులకీ ఇంజినీర్లు వచ్చి విలువ కడతారు. మీరు లేకపోతే పని చకచకా సాగుతుంది.

ఉదాహరణకి ఒక జీడితోట తీసుకోండి. గట్టు మీద నిలబడి చూస్తే నూట యాభై చెట్లున్నట్టు కనిపిస్తుంది, అదే రాసుకుంటారు. లోపలికెళ్ళి పొదలు తప్పిస్తూ నడిస్తే నూట తొంభై. తిత్లీ తుఫాను పడగొట్టిన మాను పక్కనుంచి పైకి లేచి కాపు పట్టిన కొమ్మలు "పడిపోయిన చెట్టు" కింద పోతాయి. మధ్యలో నాటిన పనసలు, గట్టున తాడిచెట్లు, చింతచెట్టు, తండ్రి తవ్వించిన నుయ్యి, ఆ నూతి పక్కన సిమెంటు అరుగు కట్టిన తాత సమాధి. ఇవన్నీ ఎవరైనా పక్కనుండి వేలు పెట్టి చూపిస్తేనే పట్టికలోకి వస్తాయి. ఆ రోజు సంతలో ఎండు చేపలు మంచి ధరకి దొరకొచ్చు. వెళ్ళండి. వచ్చాక పట్టిక నకలు అడగకండి.

7. డీ-పట్టా భూమి మీది కాదని మీరే ముందు ఒప్పేసుకోండి

ప్రభుత్వం ఇచ్చిన డీ-పట్టా భూమి, 2023 సవరణ దాకా 1977 చట్టం అమ్మకానికి ఒప్పుకోలేదు. ఇన్నేళ్ళు అమ్ముకోలేనిదానికి ఖరీదేమిటి? ఈ మాట ఎవరైనా అనకముందే మీరే అనేస్తే పెద్దరికం నిలబడుతుంది.

2004లో మేకల పాండు కేసులో హైకోర్టు విస్తృత ధర్మాసనం తద్విరుద్ధంగా చెప్పింది. ప్రజావసరానికి అసైన్డ్ భూమి తీసుకుంటే, పట్టాదారుకి ఇచ్చే పరిహారంతో సమానంగా అసైనీకీ ఇవ్వాలంది. ఈ తీర్పు సంగతి ఊళ్ళో చెప్పకండి. ముఖ్యంగా దళిత కుటుంబాల దగ్గరా, గిరిజన కుటుంబాల దగ్గరా అసలు ఎత్తకండి. డీ-పట్టాలు ఎక్కువగా ఉన్నది వాళ్ళ చేతుల్లోనే.

8. ఇంటికి ఒకే పేరు రాయించండి

సర్వేకి వచ్చిన అమ్మాయి "ఇంట్లో ఎంతమంది?" అని అడుగుతుంది. "మేమంతా ఒకటేనమ్మా, నా పేరు రాసుకో" అనండి. ఉమ్మడి కుటుంబం పరువు నిలుస్తుంది.

చట్టం మాత్రం మన కుటుంబాల్ని విడగొట్టాలని చూస్తోంది. పెళ్ళయినా కాకపోయినా, ఆడైనా మగైనా, వయసొచ్చిన ప్రతి ఒక్కరూ వేరే కుటుంబమేనంటుంది. భర్త పోయిన ఆడకూతురు, మొగుడు వదిలేసిన చెల్లెలు కూడా వేరే కుటుంబాలే. మూడేళ్ళుగా ఆ భూమి మీదే బతుకుతున్న కౌలుదారు, కూలి, తీరంలో వేట చేసుకునే మత్స్యకారుడు వీళ్ళంతా ప్రభావిత కుటుంబాలేనట, సొంత భూమి సెంటు లేకపోయినా సరే. ఉద్యోగమో, ఐదు లక్షల రూపాయలో, ఇరవయ్యేళ్ళపాటు నెలకి రెండు వేలో, ఏదో ఒకటి ఇవ్వాలని రెండో షెడ్యూలు చెబుతుంది. ఇల్లు వేరే, తరలింపు ఖర్చుకి యాభై వేలు వేరే. ఇవన్నీ ఆడవాళ్ళకీ, కౌలుదార్లకీ తెలిస్తే ఊళ్ళో ఐకమత్యం ఏం కాను?

9. వల్లకాడు ఊసెత్తకండి

ఈ చిట్కా అన్నిటికంటే తేలిక, ఎందుకంటే మనకి పుట్టుకతోనే అలవాటైంది. సాయంత్రం ఆరు దాటాక వల్లకాడు మాటెత్తితే ఇంట్లో పెద్దవాళ్ళు తిడతారు. ఆ భయాన్ని పగలు కూడా కొనసాగించండి, ఆఫీసుల్లో కూడా.

మన ఊళ్ళలో వల్లకాడు సాధారణంగా గెడ్డ ఒడ్డునో, చెరువు గట్టు వెనకో, కొండ మొదలులోనో ఉంటుంది. రికార్డులో శ్మశానమని పడితే అదృష్టం. చాలాచోట్ల అది గెడ్డ పోరంబోకు, లేకపోతే బంజరు, లేకపోతే కొండ. తరతరాల ఎముకలు ఉన్న నేలకి కాగితం మీద పేరే లేదు. పట్టాదారు లేడు కాబట్టి నోటీసు ఎవరి పేరునా రాదు. నోటీసు లేదు కాబట్టి అభ్యంతరం ఉండదు. అభ్యంతరం లేదు కాబట్టి ఊరంతా ఒప్పుకున్నట్టే. పరిహారం కూడా ఎవరికీ రాదు, ప్రభుత్వ భూమి ప్రభుత్వమే తీసుకుంది. ఇంత శుభ్రంగా చేతులు మారే భూమి ఇంకొకటి లేదు.

దీన్ని చెడగొట్టే వాక్యాలు చట్టంలో రెండు ఉన్నాయి. మొదటిది సెక్షన్ 4లో. భూమి తీసుకునే ముందు జరిపే సామాజిక ప్రభావ అంచనాలో తాగునీరు, మేత భూములు, గుళ్ళతో పాటు శ్మశానాల సంగతి కూడా చూడాలంది. దీనికి భయపడక్కర్లేదు. 2018లో మన రాష్ట్రం చేసుకున్న సవరణతో మౌలిక సదుపాయాలు, పారిశ్రామిక కారిడార్ల వంటి ప్రాజెక్టులకి ఆ అంచనా నుంచే మినహాయింపు ఇవ్వొచ్చు. అంచనా లేకపోతే అందులో శ్మశానమూ లేదు. రెండోది మూడో షెడ్యూలులో ఉంది. కొత్త కాలనీలో అక్కడి కులాల ఆచారాన్ని బట్టి పూడ్చడానికో, కాల్చడానికో చోటు చూపించాలంది. ఇది మాత్రం ఆ మినహాయింపుతో పోలేదు. అందుకే దీని గురించి మరీ మౌనంగా ఉండాలి. ఇందులో కులాల మాట ఉందని గమనించారా? మన ఊళ్ళో నాయుళ్ళది ఒక గట్టు, దళితవాడది గెడ్డకి అవతల పల్లం, అక్కడికి వెళ్ళే దారి ఇంకొకరి మడి గట్టు మీదుగా. సవరలు పోయినవాళ్ళ పేర రాయి నిలబెట్టుకునే చోటు ఇంకొకటి. ఇవన్నీ లెక్కలో చూపించారంటే అన్నిటికీ చోటు అడగాల్సి వస్తుంది. ఊరందరిదీ ఒక్కటే శ్మశానమని చెప్పేయండి, పనైపోతుంది. పేదవాళ్ళ శవం ఎటు పోతుందన్నది తర్వాతి మాట.

పాత సమాధులంటే ప్రభుత్వానికి లెక్కలేదని మాత్రం అనకండి, అది అబద్ధం. ఆమదాలవలస మండలం దన్నానపేటలో పెద్ద బండ కప్పిన మహాశిలా సమాధి ఉంది, పండితులు వచ్చి చూసిపోతారు. గార మండలం శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల్లో ధాతు కరండాలు దొరికాయి, అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అలాంటి స్మారకం చుట్టూ 100 మీటర్లలో ఇటుక పెట్టకూడదు, ఆపైన 200 మీటర్లలో అనుమతి లేనిదే కట్టకూడదు. మీ తాతగారు 1987లో పోవడమే పొరపాటు. రెండు వేల ఏళ్ళ కిందట పోయి ఉంటే ఈ గొడవే లేదు.

అమెరికా ముచ్చట కూడా ఒకటి చెప్పాలి. 1930లలో టెనస్సీ వాలీ అథారిటీ నారిస్ ఆనకట్ట కట్టేముందు, మునిగే నేలలో ఉన్న సమాధులన్నీ లెక్కపెట్టించింది. దగ్గర బంధువుల్ని వెతికి అడిగింది. ఐదు వేలకి పైగా సమాధులు తవ్వి వేరే చోటికి మార్చింది. బతికున్న కౌలుదార్లకి మాత్రం భూమి వాళ్ళది కాదని పరిహారం అందలేదు. చనిపోయినవాళ్ళనైనా లెక్కపెట్టారు, మనం ఆ ఖర్చు కూడా పెట్టించం.

కాబట్టి కుర్రాళ్ళని అదుపులో పెట్టండి. ఫోను పట్టుకుని వల్లకాటి నాలుగు హద్దులూ ఫొటోలు తీస్తామంటారు. సచివాలయంలో సర్వేయరుని అడిగి నంబరు పట్టుకుంటామంటారు. ఫలానా సర్వే నంబరులో ఇన్ని సెంట్లు ఈ ఊరి శ్మశానమని పంచాయతీ తీర్మానం రాయించి, తహసీల్దారుకి దరఖాస్తు ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకుంటామంటారు. నోటీసు రాకముందే ఇంత పని చేశారంటే తర్వాత ఎవరూ "అక్కడ ఏమీ లేదు" అనలేరు. అపశకునమని తిట్టి ఆపేయండి.

10. కొత్త కాలనీలో ఎవరూ చావరని నమ్మండి

మూటాముల్లే సర్దుకుని కాలనీకి వెళ్ళే రోజున రోడ్డు వెడల్పు చూడండి, కుళాయి చూడండి, గుడికి స్థలం చూడండి. శవానికి స్థలం అడగడం గృహప్రవేశం రోజున ఏం బాగుంటుంది? వంశధార రెండో దశ జలాశయం కింద పాడలి, తులగాం, దుగ్గుపురం, గార్లపాడు లాంటి ఊళ్ళు లేచిపోయాయి. భోగాపురం విమానాశ్రయం కింద మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ఖాళీ అయ్యి గూడెపువలస, లింగాలవలస వైపు మారాయి. ఊరంటే ఇళ్ళే అనుకుంటే ఇళ్ళు దొరికినట్టే.

మీ కాలనీలో మొదటి చావు బహుశా వర్షాకాలంలో వస్తుంది. పోయిన మనిషి వయసు ఎనభై దాటి ఉంటుంది. పాత ఊరు వదలనని నెల రోజులు మొండికేసిన మనిషే అయి ఉంటుంది. పాడె కట్టేస్తారు, డప్పులవాళ్ళు వచ్చేస్తారు. అప్పుడు ఎవరో అడుగుతారు, ఎటు తీసుకెళ్ళాలి అని. నలుగురు పెద్దలు పక్క ఊరికి వెళ్తారు. అక్కడి పెద్దాయన మంచివాడే. కుర్చీలు వేయిస్తాడు, టీ తెప్పిస్తాడు. తర్వాత మెల్లిగా అంటాడు:

"ఏటి బావూ, మా గెడ్డ గట్టు మావోలకే సాల్దు. ఇయ్యాల ఒకల్ని ఒప్పుకుంటే రేపు మీ ఊరంతా ఇక్కడికే వచ్చీది. మీకు సోటు సూపించకుండా గవర్నమెంటోలు ఎలా తెచ్చేసినారు?"

దీనికి జవాబు ఆలోచించుకోకండి. వాన పెరుగుతుంది, ఆడవాళ్ళు శవం దగ్గర దీపం ఆరకుండా చేతులు అడ్డం పెడుతుంటారు. చివరికి ఎవరో ఒక ట్రాక్టరు మాట్లాడి, పాత ఊరికి తీసుకెళ్దామంటారు. అక్కడ ఇప్పుడు కంచె ఉంటుంది, గేటు ఉంటుంది, గేటు దగ్గర వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కాపలాదారు ఉంటాడు. లోపల ఏముందో అతనికి చెప్పడానికి మీకు భాష చాలదు. సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టడానికి కూడా అతనే అనుమతి ఇవ్వాలి. ఈ అనుభవం మీ పిల్లలకి జీవితాంతం గుర్తుంటుంది. ఇదంతా తప్పించాలంటే కాలనీ ప్లానులో శ్మశానం గడి ఎక్కడుందో, దాని సర్వే నంబరు ఎంతో చూసేదాకా ఇల్లు ఖాళీ చెయ్యం అని కూర్చోవాలి. అంత మొండితనం మనకెందుకు?

చెడు ఉదాహరణలు

పిల్లల ముందు ప్రస్తావించకూడని ఊరు సోంపేట. అక్కడి బీల అనే చిత్తడి నేల, థర్మల్ కేంద్రం కాగితాల్లో పనికిరాని బంజరు. చుట్టుపక్కల ఊళ్ళకి మాత్రం అందులోనే వరి, అందులోనే చేప, అందులోనే గేదెల మేత. కాగితంలో బంజరు అని ఉంటే నమ్మేసి పడుకోవాలి. వాళ్ళు నమ్మలేదు. పర్యావరణ నివేదిక తెప్పించుకుని చదివారు, అందులో రాసినదానికీ కళ్ళెదుట ఉన్న నీళ్ళకీ పొంతన లేదని ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ దాకా వెళ్ళారు. 2010 జులై 14న బీల దగ్గర పోలీసు కాల్పులు జరిగాయి. అదే రోజు ఆ అథారిటీ ప్రాజెక్టు పర్యావరణ అనుమతి రద్దు చేసింది. మరుసటి ఏడు ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి దగ్గరా తుపాకులు పేలాయి. రెండుచోట్లా ప్రాణాలు పోయాయి. వాళ్ళ విషయంలో వెటకారానికి నా చెయ్యి రాదు. కాగితం ముందే సరిగ్గా చదివి, గడువు లోపల సరిగ్గా విని ఉంటే ఆ తుపాకులు అక్కడికి రానక్కరలేదన్నది మాత్రం చెప్పి, మళ్ళీ నా పనిలోకి వస్తాను.

ఇలాంటివాళ్ళ వల్ల వచ్చిన చిక్కు చిన్నది కాదు. తెల్లదొరలు రాసిన 1894 చట్టం నూట ఇరవై ఏళ్ళు హాయిగా నడిచింది. అందులో కౌలుదారు బతుకుతెరువుకి ఏదీ ఇవ్వక్కర్లేదు. భర్త పోయిన ఆడకూతురు వేరే కుటుంబం కాదు. వల్లకాడు అన్న మాటే లేదు. బెంగాల్‌లో సింగూరు, నందిగ్రామ్‌లలో, మన సోంపేటలో చిట్కాలు పాటించని మొండివాళ్ళు తయారయ్యారు. 2014 జనవరి 1 నుంచి కొత్త చట్టం వచ్చి కూర్చుంది, అందులో మన తాతల ఎముకల దాకా లెక్క అడిగారు. 2018లో కొంత కత్తిరించినా ఇంకా చాలా మిగిలే ఉంది. ఇప్పటికైతే ఆ వాక్యాలు ఉన్నాయని ఊళ్ళలో ఎక్కువమందికి తెలియదు, అందుకే పనులు సాఫీగా సాగుతున్నాయి. నలుగురు చదవడం మొదలుపెడితే, ఉన్నవి అమలు చేయించుకోవడంతో ఆగరు, లేనివి కూడా రాయించుకుంటారు. అందుకని ఈ పేజీ చదివాక మడిచి జేబులో పెట్టుకోండి. రచ్చబండ దగ్గర గట్టిగా చదవకండి.